తిరుమలరావు వాటా

పెద్దవల ఒడ్డుకు చేరేసరికి తెల్లారింది. తాడు లాగిన అరచేతులు మండుతున్నాయి. బరువు చూసి పేటంతా సంబరపడింది. విప్పితే చేప లేదు. పాల పాకెట్లు, నూనె కవర్లు, షాంపూ సీసాలు, డైపర్లు. ఆ బరువుకు వల నిలువునా చిరిగింది. ఇంటింటికీ కూడు పెట్టే వల అది.

తాడు పట్టిన ప్రతి మనిషికీ ఇసుక మీద ఒక కుప్ప పడాలి. ఆ పేటలో తాతల నాటి కట్టుబాటు.

"వాటాలెయ్యండి," అంది బుల్లమ్మ.

"ఏటి వాటాలే? ఒక్క సేపైనా నేదు," అన్నాడు మొగుడు అసిరయ్య.

"వలలో ఏటి పడితే అదే వాటా. టౌనోళ్లది టౌనోళ్లకి ఇచ్చీసొద్దాం, పదండి."

రోజూ చేపలమ్మే వీధికే గంపతో వెళ్లింది. వెనక పేటంతా నడిచింది. రోజూ తన దగ్గర చేపలు కొనే హేమ గుమ్మంలో చెత్త కుమ్మరించింది.

"మతి పోయిందేటి బుల్లమ్మా?" అంది హేమ.

"నీ పాల పాకెట్లే తల్లీ! కడిగి, మడతెట్టి మరీ గెడ్డ కాలవలో పడీసినావు. వానకి అయి సంద్రంలోకొచ్చి మా వల సించీసినాయి. మా పిల్లలు ఏటి తింటారు?"

"మేం గెడ్డలో ఎందుకేస్తాం? తడిది పచ్చ డబ్బాలో, పొడిది నీలం డబ్బాలో ఏస్తన్నాం. మా అత్త తిడతన్నా కడుగుతన్నాను. సూడు!"

"నాను ముందే సెప్పినాను, ఇదంతా పనిలేని పనని," పక్కింటి దుర్గాభవాని సాగదీసింది.

అప్పుడే చెత్త ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు రాముడు అలవాటు కొద్దీ రెండు డబ్బాలూ ఒకే తొట్టిలో బోర్లించాడు. వీధంతా చూసింది. అసిరయ్య వాడి కాలరు పట్టుకున్నాడు.

"ఒరే, రెండూ కలిపీసినావేట్రా?"

"నన్ను కొడితే ఏటొస్తాది బావా? సెత్త ఏరడానికి కట్టిన షెడ్డుకి మా కాంట్రాక్టరు తిరుమలరావు తాళం ఏసినాడు. లోపల ఆడి సిమెంటు బస్తాలు. గెడ్డలో పొయ్యమన్నాడు, పోస్తన్నాం. కాదంటే పనిలోంచి తీసీస్తాడు."

హేమ మొహం ఎర్రబడింది. కడిగిన చేతులు తనవి, చిరిగిన వల వాళ్లది, కుదురుగా తిన్నది వాడు.

"ఇంకేటి సూస్తన్నావు? ట్రాక్టరు తిప్పు," అంది బుల్లమ్మ.

తిరుమలరావు ఇంటి పాలరాతి మెట్ల మీద తొట్టి ఎత్తి పోశారు. గంపలూ డబ్బాలూ కారు మీద బోర్లించారు. కుళ్లు నీళ్లు హాల్లోకి పారాయి.

"నేనెవరనుకున్నారే? ఒక్కొక్కరినీ జైల్లో తోయిస్తా!" తిరుమలరావు ముక్కు మూసుకుని అరిచాడు.

"నీ వాటా బాబూ!" అంది బుల్లమ్మ. "తాడట్టుకోకపోయినా పెద్ద కుప్ప నీకే ఏసినాం. తిను!"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులో జాలి లేదు.

పోలీసు జీపు వచ్చి బుల్లమ్మనీ రాముడినీ ఎక్కించుకుంది.

"నా ఏపు సూస్తారేటి? షెడ్డు సూడండి!" కదులుతున్న జీపులోంచి కేకేసింది బుల్లమ్మ.

అసిరయ్య గునపంతో షెడ్డు తాళం పగలగొట్టాడు. పేట మగవాళ్లు, వీధి ఆడవాళ్లు బస్తాలన్నీ బయటికి మోశారు. దుర్గాభవాని ఇంటికి పోయి కత్తిపీట తెచ్చి ఒక్కో బస్తా కడుపు చీల్చింది. వాన పట్టుకుంది. తిరుమలరావు మనుషులు టార్పాలిన్లు తెచ్చారు. ఎవరూ దారి ఇవ్వలేదు. సిమెంటు ముద్దకట్టి గట్టిపడేదాకా అందరూ తడుస్తూ నిలబడ్డారు.

తర్వాత స్టేషను వైపు కదిలారు.