మొఖెతి మగవాడైన వైనం

ఆఫ్రికాలో ఆ కొండమీది బసోతోల పల్లెను ఆడది ఏలడమన్నది ఎన్నడూ లేదు. పెద్దమనిషి సెఖోబెను అడగండి, గుండెల మీద చెయ్యేసుకుని చెబుతాడు.

మరి అరవై ఏళ్లుగా అక్కడ తగువులు తీర్చిందెవరయ్యా అంటే, మొదట మా-తెఫో, అంటే తెఫో తల్లి. మొగుడు పోయాక, కొడుకు తెఫో అందుకునేదాకా అంటూ ముప్పై ఏళ్లు నాయకుడి కుర్చీకి కాపలా కాసింది. ఆ తెఫో గనుల్లోకి పోయి, ఛాతీ నిండా దుమ్ముతో తిరిగొచ్చి, మూడేళ్లు కూర్చుని కన్నుమూశాడు. తర్వాత అతని భార్య మా-మొఖెతి, ఇరవై ఏడేళ్లు. ఆవిడా ఏలలేదు సుమండీ, పోయిన మొగుడి తరఫున కూర్చుంది, అంతే.

ఇప్పుడావిడకు మోకాళ్లు పట్టేశాయి. పన్నెండేళ్లుగా తల్లి పక్కన కూర్చుని కాగితాలన్నీ రాస్తున్న ఒక్కగానొక్క కూతురు మొఖెతి, "కూతుర్ని నేనున్నాను, నాకే ఇవ్వండి" అని జిల్లా ఆఫీసుకు రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. రెండూ తిరిగొచ్చాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చినవాళ్లు కూర్చోవచ్చట, ఆ ఇంట పుట్టింది కూర్చోకూడదట!

"పోనీ, ఏ నాయకుడి ఇంటికైనా కోడలిగా వెళ్లవే. దేవుడు చల్లగా చూస్తే నీ మొగుడు తొందరగానే పోతాడు" అన్నాడు ఊరి వరసకు చిన్నాన్నయ్యే సెఖోబె. వేళాకోళం కాదు, పాపం, ఆమె మంచి కోరే అన్నాడు.

"పిన్నికీ ఇదే దారి చెప్పావా చిన్నాన్నా?" అంది మొఖెతి.

మిగిలిన వారసుడల్లా జొహన్నెస్‌బర్గ్‌లో ఉన్న దాయాది ఒక్కడే. వాడు ఆ చలికొండల్లోకి చస్తే రానన్నాడు. పెద్దలకు ఏం తోచక, ఆ ఇంటివాళ్ల పేర్లు జిల్లాకు రాసి పంపి ఊరుకున్నారు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: కీర్తిశేషుడు తెఫో కుమారుడు మొఖెతిని నాయకుడిగా నియమించడమైనది.

అక్కడ కోడలు గడప తొక్కిన రోజే, పుట్టబోయే బిడ్డకు పేరు పెట్టేసి ఆమెను ఆ బిడ్డ తల్లిగా పిలుస్తారు. అత్తగారు మా-తెఫో మనవణ్ణే తలుచుకుని మొఖెతి అని మగపేరు పెట్టింది. పుట్టింది ఆడపిల్ల. పెట్టిన పేరు వెనక్కి తీసుకోరు కదా!

ఊరి సభలో ఉత్తర్వు చదివారు. అందరూ మొఖెతిని ఉయ్యాల నుంచీ ఎరిగినవాళ్లే.

"కాగితం మగవాడంది. కాదనడానికి మనమెవరం?" అంటూ సెఖోబె టోపీ తీసి, మగ నాయకులను పిలిచే పిలుపే పిలిచాడు. "మొరెనా!"

వెంటనే జొన్నబీరు కుండ దించారు. మొఖెతికి ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, ఇలాగైతే నాకొద్దు."

"తీసుకోవే పిచ్చిమొహమా! మీ నాయనమ్మ ఎదగని మగాడి కోసం కూర్చుంది. నేను పోయిన మగాడి కోసం కూర్చున్నా. నువ్వు పుట్టని మగాడి కోసం కూర్చో. పోయేదేముంది?"

"నేనే పోయానమ్మా! ఇన్నేళ్లూ చాకిరీ చేసింది నేను, కుర్చీ ఎక్కేది ఇంకెవడో" అని బావురుమంది.

మర్నాడే గుర్రమెక్కి జిల్లాకు వెళ్లింది. కుమారుడన్న చోట కుమార్తె అని దిద్దమంది. గుమాస్తా ఆమెను ఎగాదిగా చూశాడు.

"దిద్దాలంటే మీ ఊరి నాయకుడి నుంచి ధ్రువపత్రం తేవాలమ్మా."

నాయకుడు తనే కదా! అక్కడే బల్లమీద కూర్చుని రాసిచ్చింది. మొఖెతి ఆడమనిషేనని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. ఇట్లు, నాయకురాలు మొఖెతి.

మూడు వారాలకు జవాబొచ్చింది. కుమార్తెకు నాయకత్వ హోదా లేనందున ఆమె ఇచ్చిన ధ్రువపత్రం చెల్లదు. కావున మొదటి ఉత్తర్వే అమలులో ఉంటుంది.

తల్లి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. మొఖెతి నవ్వలేదు. పోయి కుర్చీలో కూర్చుంది. ఆనాటి నుంచీ పొలం తగువైనా, పశువుల అమ్మకమైనా, సంతకం కింద "తెఫో కూతురు" అని పెద్ద అక్షరాలతో రాసి మరీ పంపుతోంది. జిల్లాలో వాళ్లు ఆ రెండు మాటలూ శ్రద్ధగా కొట్టేసి, కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంటున్నారు.