ఏ గీత పొడుగు

మ్యోంగ్‌సుక్ చేసే పని అబద్ధం చెప్పడం. దేగూ నగరంలో ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతూ, ప్రొఫెసర్ నామ్ పరిశోధనలో కూర్చునేది. బల్ల చుట్టూ ఆరుగురు. అందులో ఐదుగురు ప్రొఫెసర్ మనుషులే. ఆ సంగతి తెలియనిది ఆరోవాడికి ఒక్కడికే. గోడ మీద ఒక గీత, దాని పక్కన మూడు గీతలు. మొదటిదానితో ఏది సమానమో పైకి చెప్పాలి. బడికెళ్ళని పిల్లలైనా చెప్పేస్తారు. ఐదుగురూ కూడబలుక్కుని తప్పు చెబితే ఆరోవాడు తన కళ్ళను నమ్ముతాడా, ఆ ఐదుగురి మాటనా అన్నదే పరీక్ష. ఏం చదువులో ఏమో!

ఆ రోజు ఆరోవాడు పే గిల్సు, స్కూలు బస్సు డ్రైవరు. పేపర్లో ప్రకటన చూసి సరదాపడి వచ్చాడు. మొదట్లో సరిగ్గానే చెప్పాడు. తర్వాత తడబడ్డాడు, కళ్ళు నులుముకున్నాడు, చివరికి వాళ్ళ మాటకే తలూపాడు. అయ్యాక మెట్ల మీద ఆమెను ఆపాడు.

"అమ్మాయ్, నాకు రెండోదే సమానంగా కనబడింది. నీకు నిజంగా మూడోదేనా?"

ఉన్నమాట చెప్పేది పరిశోధన మొత్తం ముగిశాకే. ముందే చెబితే ఊరంతా పొక్కుతుందని ప్రొఫెసర్ కట్టడి చేశాడు. పాపం, అతని మొహం చూస్తే ఆమెకు ఉన్నదంతా చెప్పేయాలనిపించింది. అయినా అనేసింది.

"నిజంగానే, బాబాయ్‌గారూ."

పరిశోధన చలికాలం దాకా సాగింది. ముగిసిన మర్నాడే ఆమె కమలాపళ్ళు పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. గిల్సు రోడ్డు పక్కన భార్య నడిపే కొట్లో, ఎండు నాచురేకుల్లో అన్నం పెట్టి చుడుతున్నాడు.

"బస్సు మానేశానమ్మా. లోపల అందరూ పసిపిల్లలు. కళ్ళు మోసం చేసినవాణ్ణి, స్టీరింగ్ ఎలా పట్టుకోను?"

"కంటి డాక్టరు లక్షణంగా ఉన్నాయన్నాడు!" లోపలినుంచి భార్య అరిచింది. "వింటేగా, మొండిఘటం! రోజూ బస్సు వెళ్ళే వేళకి గుమ్మంలో నిలబడి చూస్తాడు."

"డాక్టరు ఒక్కడే. వాళ్ళు ఐదుగురు" అన్నాడు గిల్సు.

మ్యోంగ్‌సుక్ నేలకు వంగి క్షమించమంది. జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది. అతను ఓపిగ్గా విని, వేడి బార్లీ నీళ్ళు ఆమె ముందు పెట్టాడు.

"నీది మంచి మనసమ్మా. నన్ను ఓదార్చడానికి ఇంత దూరం వచ్చావు."

"ఓదార్పు కాదు బాబాయ్‌గారూ, నిజం! మీ కళ్ళకేం కాలేదు. మళ్ళీ బస్సెక్కండి!"

"ఆ రోజూ నిజమనే అన్నావుగా."

ఆ మాటలో కోపం లేదు. కోప్పడినా బావుండేది. అంతలో రోడ్డు అవతల ఒక సిటీ బస్సు ఆగింది. ఆమె ఆశగా అతని చెయ్యి పట్టుకుంది.

"అదుగో, ఆ బస్సు నంబరెంతో చెప్పండి. మీరే చెప్పండి!"

గిల్సు అటు చూశాడు. అతని పెదవులు కదిలాయి కూడా. అంతలోనే ఆగి, భార్య వైపు చూశాడు, మ్యోంగ్‌సుక్ వైపు చూశాడు.

"ముందు నువ్వు చెప్పమ్మా" అన్నాడు.