పొద్దు గుంకేదాకా గోషా

పైడమ్మ వాకిట్లో కళ్లాపి చల్లడం ఇంకా సగంలోనే ఉంది. అరుగు మీద నుంచి అత్తగారు మంగాయమ్మ, "ఇక చాలు, తూర్పు తెల్లబడుతోంది. లోపలికి పో. మిగతాది జయమ్మ చల్లుతుంది" అంది.

తోటికోడలు జయమ్మ చల్లదని ఇద్దరికీ తెలుసు. వాకిలి సగం తడిగా, సగం పొడిగా అలాగే ఉంటుంది. దీపాలు పెట్టాక పైడమ్మే వచ్చి ఊడ్చుకుంటుంది. ఆమె చేతులు కడుక్కుని, నీళ్ల ముంత చంకన పెట్టుకుని, ధాన్యం గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకుంది. అక్కణ్నుంచి పొద్దు గుంకేదాకా ఆమె గోషా స్త్రీ.

ఆ ఇంట్లో ఏ తరంలోనూ గోషా లేదు. ఐనవిల్లి పక్కన సేద్యం చేసుకుని బతికే కుటుంబం. పైడమ్మ మోకాలిలోతు బురదలో నాట్లు వేసింది, కలుపు తీసింది, కళ్లంలో తూర్పారబట్టింది, గట్టు మీద ఊరి ఆడవాళ్లతో కూర్చుని చుట్ట కాల్చింది. ఆమె మొహం ఎరగనివాడు ఆ చుట్టుపక్కల లేడు. కాని శిస్తు గడువు దాటిపోయి, తాలూకా నుంచి జప్తుకు బంట్రోతు బయలుదేరాడని కబురు అందగానే, బావగారు వీర్రాజుకు ఇంట్లో ఒక పరదా మనిషి అవసరం పడేది.

సర్కారు కట్టడి అలాంటిది. బకాయిదారు సొత్తు జప్తు చేయాలంటే పొద్దు పొడిచాక, పొద్దు గుంకేలోగానే చేయాలి. ఆ వేళలో కూడా, మగవాళ్ల కంటపడని ఆడవాళ్లుండే గది తలుపు పగలగొట్టకూడదు. వాళ్లు తప్పుకున్నాకే లోపల అడుగు పెట్టాలి. ఈ రెండు ముక్కలూ వీర్రాజు కరణంగారి అరుగు మీద విని వచ్చాడు. ఆ ఏటి నుంచి ఇంట్లో ధాన్యమూ, ఇత్తడీ, వెండీ అన్నీ ఆ ఒక్క గదిలోకి చేరేవి. వాటి మధ్య పైడమ్మను కూర్చోబెట్టేవారు.

పోనీ, చేతిలో లేక కట్టని మనిషా అంటే అదీ కాదు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి కాలవలు వచ్చాక ఆ ఇంటి గాదె ఎన్నడూ వెలితి పడలేదు. "ఇప్పుడమ్మితే ఏం గిడుతుంది? కాకినాడ షావుకారు పడవ రానీ, అప్పుడు కట్టేద్దాం" అనేవాడు వీర్రాజు. ధర పెరిగేదాకా ధాన్యం ఆగాలి, ధాన్యం ఆగడానికి పైడమ్మ ఆగాలి.

మొదటి ఏడు ఆమె అడిగింది, నేనే ఎందుకని. దానికి మంగాయమ్మ చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలో ఉంది. "జయమ్మ కూర్చుంటే పిల్లలకి కూడెవరు పెడతారే? నేను కూర్చుంటే గాడిదలు నవ్వుతాయి, ఈ ముసల్దాన్ని ఎవడు చూస్తాడని. నీకు మొగుడా, పిల్లలా? పొద్దున్నే నీ మొహం నలుగురికీ ఎదురవకుండా ఉంటే ఊరికే మేలు." వీర్రాజు అలా అనడు. మెత్తగా అంటాడు. "ఇంటి పరువు నీ చేతిలో ఉందమ్మా పైడమ్మా." చనిపోయిన భర్త ఆదినారాయణ ఉన్నన్నాళ్లూ ఒకటే మాట అనేవాడు, అన్నయ్య చెప్పినట్టు విను అని. ఆమె విన్నది. ఆయన పోయాక ఇంకా ఎక్కువ విన్నది.

గదిలో పైన చెయ్యి పట్టేంత గాలి కన్నం, వెనక గోడకు చిన్న కిటికీ. బస్తాల మీద పడుకుంటే ధాన్యం దూగర చెమటకు అంటుకుని ఒళ్లంతా దురద. గడ్డి ఉన్న గది కనక చుట్ట ముట్టించకూడదు. గోషా స్త్రీ కనక దగ్గకూడదు, పాడకూడదు. మూలన ఒక కుండ పెట్టారు, పగలంతా దానికే. చీకటి పడ్డాక దాన్ని చెంగు కింద దాచుకుని పెరట్లోకి తీసుకువెళ్లి కడుక్కోవాలి. చేలో పొద్దస్తమానం నడుము వంచినప్పుడు కూడా ఆమెకు తన మీద తనకు ఇంత రోత కలగలేదు. 

ఎండ ముదిరే వేళకు బంట్రోతు సత్తియ్య వచ్చాడు. పక్క ఊరివాడే. అరుగు మీద చతికిలబడి, గది తలుపు వైపు చేతులు జోడించాడు.

"గోషా అమ్మగారికి దండాలండీ. మొన్న కలుపు చేలో మా ఆడదాన్ని చుట్టకి నిప్పడిగింది తమరేనాండీ?"

"మా ఆడవాళ్ల ఊసు నీకెందుకయ్యా? కట్టడి తెలీదా నీకు?" అన్నాడు వీర్రాజు.

"తెలుసు కాబట్టే కదండీ అరుగు దాటకుండా కూర్చున్నాను. ఆయ్. మజ్జిగ ఇంకాస్త పోయించండి, ఉప్పు తగ్గింది."

అరుగు మీద నవ్వులు వినిపించాయి. వీర్రాజు కూడా నవ్వాడు. తలుపుకు అటుపక్క వాళ్లందరికీ తెలుసు, ఇటుపక్క ఆమెకూ తెలుసు. అందరూ ఎరిగిన ఒక అబద్ధానికి ఆమె ఒళ్లు ఆసరా. ఆ అబద్ధం మజ్జిగ తాగదు, నవ్వదు, లేచి ఇంటికి పోదు. ఊరికే కూర్చుని ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే వెనక కిటికీ దగ్గర ఎవరో మెల్లిగా పిలిచారు. ముక్తేశ్వరం రేవులో పడవ నడిపే అబ్బులు. గోదావరికి అవతల కోటిపల్లిలో పైడమ్మ తల్లి బంగారమ్మ ఒంటరిగా ఉంటుంది.

"పైడమ్మగారండీ, మీ అమ్మగారికి బాగోలేదండీ. గంజి కూడా దిగట్లేదు. మీ పేరే కలవరిస్తన్నారు. వేగిరం రండి."

ఆమె కిటికీ దగ్గరికి జరిగింది. "రాత్రికి వస్తాను అబ్బులూ, పొద్దు గుంకగానే. రేవులో ఉంటావా?"

"చీకటి పడితే దాటించలేనండీ. ఇసక మేటలు తేలేయి. మొన్న ఓ పడవ మేట మీదెక్కి తిరగబడింది. ఎప్పుడొచ్చినా పొద్దుండగా రావాలండీ." అతను రేవు వైపు వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టాక ఆమె బయటికి వచ్చి, కుండ కడిగి, స్నానం చేసి, వీర్రాజు అన్నం తినే చోటికి వెళ్లి నిలబడింది.

"బావగారండీ, మా అమ్మకి ప్రాణం మీదకొచ్చిందట. రేపొక్కరోజు వెళ్లొస్తానండీ."

ఆయన ముద్ద కలుపుతూనే, "అయ్యో" అన్నాడు. "తప్పకుండా వెళ్లాలమ్మా. షావుకారు పడవ రేపో ఎల్లుండో వస్తుంది. అది రాగానే పల్లకీ కట్టించి మరీ పంపుతాను."

"అక్క ఒక్కపూట కూర్చుంటే..."

"చంటిదాన్ని ఎత్తుకుని ఆ కొలిమిలోనా?" అంది జయమ్మ పొయ్యి దగ్గర నుంచి.

మంగాయమ్మ వత్తులు చేసుకుంటూ తల ఎత్తలేదు. "ముసలి ప్రాణాలు అంత తొందరగా పోవు. నన్ను చూడు."

మర్నాడు పడవ రాలేదు. సత్తియ్య వచ్చాడు, మజ్జిగ తాగాడు, వెళ్లాడు. ఆ మర్నాడు తెల్లవారకముందే ఆమె మళ్లీ గడియ వేసుకుంది.

ఆ పొద్దు ఆమె ధాన్యం మీద కూర్చుని ఆలోచించింది. సర్కారు వాడికి పొద్దు పొడుపు నుంచి పొద్దు గుంకేదాకా. పడవ వాడికీ అంతే. ఆమె పొద్దంతా వీర్రాజుది, చీకటి మాత్రం ఆమెది. ఆ చీకట్లో గోదావరి దాటదు. బంట్రోతుకు ఒక వేళ పెట్టారు, ఇంత దాకే నువ్వు అడగవచ్చు, ఆ తరవాత లేచి పో అన్నారు. బకాయి ఉన్నవాడిని కూడా రాత్రిపూట పీడించకూడదని ఎక్కడో ఎవరో అనుకున్నారు. ఈ ఇల్లు తన దగ్గర వసూలు చేసేదానికి ఆ పాటి గడువు కూడా లేదు. పగలు గదిలో, రాత్రి వాకిట్లో, అంట్ల దగ్గర, దంపుడు రోటి దగ్గర. నాటింది ఆమె, కోసింది ఆమె, ఇప్పుడు దాన్ని పొదుగుతున్న కోడి కూడా ఆమే. తను లేచి వెళ్తే, ఇవన్నీ జప్తులో పోతే ఏమవుతుంది? ఈ ధాన్యంలో ఆమె ఏడాది తిండి ఉంది. పెళ్లికి అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె, ఆ మూల, బస్తాల వెనక ఉంది. అవీ పోతాయి. ఈ గడపా పోతుంది, మళ్లీ తొక్కనివ్వరు. అమ్మ ఒక్కతే పడుకుని, తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూస్తూ ఉంటుంది. 

అప్పుడు ఆమె తలుపు వైపు చూసింది. బయటి నుంచి ఎవరూ తాళం వేయలేదు. బయట తాళం పడితే అది గోషా అనిపించుకోదని, కట్టడి అక్కరకు రాదని, ఆ ఏర్పాటు అంతా లోపలి గడియ మీదే నడుస్తోంది. ఇన్నేళ్లూ పొద్దున్నే దాన్ని వేసింది తన చెయ్యే.

సత్తియ్య గొంతు అరుగు మీద వినిపించింది. ఇంకా మజ్జిగ రాలేదు కాబోలు, ఎండ గురించి మాట్లాడుతున్నాడు. పైడమ్మ లేచి, చీర దులుపుకుని, గడియ తీసింది.

వెలుగుకు కళ్లు చికిలించుకుంటూ అరుగు మీదికి వచ్చేసరికి వీర్రాజు సగం లేచాడు. "దాహమేసిందా అమ్మా? జయమ్మ తెస్తుంది కదా, లోపలికెళ్లు."

"మా అమ్మ దగ్గరికి వెళ్తున్నానండీ."

"ఇప్పుడా? బుద్ధుందా నీకు?" అంది మంగాయమ్మ. "అడుగు బయట పెట్టేవంటే మళ్లీ ఈ ఇంటి మొహం చూడవు."

"ఆయ్, అలాగేనండీ అత్తగారూ."

వీర్రాజు వంటింటి వైపు తిరిగాడు. "జయమ్మా, నువ్వెళ్లి కూర్చో. వేగిరం."

జయమ్మ చంటిదాన్ని చంకనేసుకుని గది గుమ్మం దాకా వచ్చింది. తొంగి చూసింది. ఆ చీకటి, ఆ వాసన, మూలన ఆ కుండ. పిల్లను రెండో చంకకు మార్చుకుంది కాని గుమ్మం దాటలేదు.

సత్తియ్య మొహంలో వేళాకోళం పోయింది. లేచి నిలబడి, తలపాగా సర్దుకుని, ఎవరిని అడగాలో తెలియనట్టు అందరి వంకా చూసి, చివరికి ఆమెనే అడిగాడు. "అమ్మా, తమరు మళ్లీ లోపలికి వెళ్తారాండీ?"

పైడమ్మ మెట్లు దిగి, రేవు దారి వైపు తిరిగి అంది.

"గదిలో ఆడవాళ్లెవరూ లేరు సత్తియ్యా. పొద్దు ఇంకా చాలా ఉంది."