తారుమారైన చెప్పులు

ఎలీషబా మడమలు లోపలికి వాలిపోవడంతో చెప్పులు కూడా ఆ పక్కే అరిగేవి. చర్చి బయట ఎన్ని జతలు తారుమారైనా ఆ వంకర చెప్పులను ఎవరూ తొడుక్కుపోలేదు. మోకాళ్ల నొప్పికి మూలం ఆ వాలేనని మార్కాపురం డాక్టరు లోపలివైపు ఎత్తున్న చెప్పులు ఇప్పించాడు. మొదటి ఆదివారమే అవి పోయాయి. అలాంటి నల్ల జతే మిగిలింది, కానీ బయటి అంచున అరిగి ఉంది.

"కండ్లు కనపడలేదా దీనికి!" అని తిట్టుకుంటూ, ఒక్కతే ఉండే ఇంటికి వాటిలోనే వచ్చింది. బయటికి వాలే కాలికి తన చెప్పులు ఒక్కపూట కూడా పడవు, తొడుక్కుపోయినామె తెచ్చిస్తుందిలే అనుకుంది. ఆ జతను కడిగి గడప ముందు పెట్టి, రెండు టీ గ్లాసులు తీసి ఉంచింది.

మూడో రోజుకీ ఎవరూ రాలేదు. గడప ముందున్న జతను చూసి పక్కింటి ఝాన్సీ అడిగింది. "చుట్టాలు వచ్చినారా అత్తా?"

"ఆ, వచ్చినారు," అని ఎలీషబా తలుపు దగ్గరికేసింది.