నలభై నాలుగో కుర్చీ

అయినా మొగుడు పోయినదాన్ని చూసి కుళ్లుకోవడమేమిటి, ఎవరైనా వింటే నవ్విపోతారు, అనుకుంటూ ఆమె చీటీ మీద మరిది పేరు రాసింది. పన్నెండేళ్ల క్రితం పెద్ద స్టేషన్‌లో బాంబులు పేలి నలభై ముగ్గురు పోయారని లెక్క. ఏటా ఆ రోజున దేశమంతా రెండు నిమిషాలు మౌనంగా నిలబడుతుంది. ఈ హాల్లో మాత్రం ఒక్కో కుర్చీకి ఒక్కో పేరు అంటించి, అందులో ఆ ఇంటి మనిషిని కూర్చోబెడతారు. ఆ కుటుంబాల సంఘానికి కార్యదర్శి ఆమె భర్త. పేర్లు రాసేదీ, కుర్చీలు తుడిచేదీ, కాఫీలందించేదీ ఆమె. మరిది కుర్చీలో కూర్చునేది తోడికోడలు. పదేళ్లు అతనికి అన్నం పెట్టి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది తనయితే, ఎనిమిది నెలలు కాపురం చేసినదానికి కుర్చీ, కెమెరాలు, పెద్దవాళ్ల ఓదార్పులు. "నీకేం పోయిందని ఆ ఏడుపు మొహం?" అన్నాడు భర్త మొదటి ఏడాది. "దాని బతుకు బుగ్గయింది. నీ మొగుడు రాయిలా ఉన్నాడు. ఇంకేం కావాలే నీకు?" అంది అత్తగారు. రాయిలానే ఉన్నాడత్తయ్యా, అనబోయి నాలుక కరుచుకుంది.

హాలు నిండింది. వెనక గోడకు ఆనుకుని, ఎప్పటిలాగే, తమ వీధిలో బట్టలు కుట్టే ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ భర్తా ఆ ప్లాట్‌ఫారమ్ మీదే పోయాడు. వేరే మతంవాడు కాబట్టి బాంబు తెచ్చింది అతనేనన్నారు, పేపర్లో ఫొటో వేశారు. రెండేళ్లకు కోర్టు కాదంది. ఆ మాట ఏ పేపరూ ఫొటోతో వెయ్యలేదు. "వాడి పేరు పెడితే సగం హాలు లేచిపోతుంది. నీకెందుకు, నేను రాసిచ్చినవి రాయి," అన్నాడు భర్త. ఆమె రాసింది, పన్నెండేళ్లూ.

ఆవిడ ఏడవడం లేదు. చీటీ తర్వాత చీటీ చదువుకుంటూ వచ్చి, తోడికోడలి కుర్చీ దగ్గర ఆగింది ఆవిడ చూపు. ఆ చూపు ఆమెకు తెలుసు. ఏటా ఈ రోజున అద్దంలో కనిపించేదే. ముందు ఒళ్లు మండింది: ఈ కుళ్లు కూడా నా ఒక్కదానికే మిగలదా? వెంటనే సిగ్గేసింది. తనకు దక్కనిది ఒక మెచ్చుకోలు. ఆవిడ మొగుడికి దక్కనిది పేరు. ఆ పేరేమిటో తనకు గుర్తు కూడా లేదు. ఎన్ని జాకెట్లు కుట్టించుకుందో, ఒక్కసారీ అడగలేదు.

కాఫీ పళ్లెం కిటికీలో పెట్టి ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"మీ ఆయన పేరేంటండీ?"

ఆవిడ బిగుసుకుపోయింది. "మళ్లీ ఏమైనా ఎంక్వయిరీయా అమ్మా?"

"కాదు. రాయడానికి."

ఆవిడ చెప్పింది, గొంతు దాటీ దాటనట్టు. వేదిక మీంచి భర్త కేకేశాడు: "అక్కడేం ముచ్చట్లు? కాఫీలు చూడు!"

"చల్లారనీండి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "ఇంకోసారి చెప్పండమ్మా. తప్పు రాయకూడదు."

ఆవిడ ఈసారి గట్టిగా చెప్పింది. ముందు వరసలో తలలు తిరిగాయి. ఆమె ఒక ఖాళీ కుర్చీని బరబరా ఈడ్చుకెళ్లి తోడికోడలి పక్కన వేసి, వంగి, ఆ పేరు రాయడం మొదలుపెట్టింది.