భట్టీ అప్పగింత

కరిగిన లోహం మీద తేలే చిట్టెం తీసేటప్పుడు పర్శరాములు ఊపిరి బిగపడతాడు. దుబాయ్ దాటాక ఉండే ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా అల్యూమినియం తుక్కు కరిగిస్తున్నాడు. కాలిపోయిన కనుబొమలు ఎప్పుడో మొలవడం మానేశాయి. ముంజేతుల నిండా చుక్కలు చుక్కలుగా మచ్చలు.

నెల రోజులుగా ఎడమ రొమ్ములో పట్టేస్తోంది. ఎవరికీ చెప్పలేదు. వచ్చే నెల వీసా రిన్యూవల్, కంపెనీకి తెలిస్తే ఇంటికే. కరీంనగర్‌లో కూతురు స్వర్ణ నర్సింగ్ చదువు ఇంకా రెండేళ్లుంది. కొత్త వీసా కూడా రెండేళ్లే. అంతకుమించి ఆయన దేన్నీ కోరుకోవడం లేదు.

ఆ పొద్దున మెస్సు టీవీలో కోట్లు తొడుక్కున్న ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకున్నంత పని చేశారు. అమెరికా అల్యూమినియం మీద సుంకాన్ని యాభై శాతం చేసింది. దాంతో అక్కడ పరిశ్రమలు పెరుగుతాయని ఒకడు, ధరలు పెరుగుతాయని ఇంకొకడు. ఇద్దరిలో ఎవడి చేతి మీదా ఒక్క కాలిన మచ్చ లేదు.

"అండ్ల మన ముచ్చటేమన్న ఉన్నదా?" అని అడిగాడు పర్శరాములు.

"మన సరుకు గూడ ఆడికే పోతదట గదన్నా. మనల్నెవడు అడుగుతడు?" అన్నాడు రెండో షిఫ్టు భూమేశ్, చాయ్ ఊదుకుంటూ.

భట్టీ దగ్గర షిఫ్టుకు ఒక్కడే మనిషి, షిఫ్టు మారేటప్పుడు ఒక కట్టుబాటుంది. వచ్చినవాడు ఎదురుగా నిలబడి "నాదే" అనాలి. అప్పుడే ఉన్నవాడు కదలాలి. ఆ మాట వినకుండా వెళ్లిపోయినవాణ్ని ఒకసారి వారంలోగా విమానం ఎక్కించారు.

షిఫ్టు మారే రెండయింది. భూమేశ్ రాలేదు. మూడయింది. ఫోన్లు లాకర్‌లో పెట్టి రావాలి కాబట్టి అడగడానికీ లేదు. రిన్యూవల్ ముందు మచ్చ పడొద్దని పర్శరాములు అలాగే నిలబడ్డాడు.

నాలుగింటికి మంట ఆగిపోయింది. గ్యాస్ ట్రిప్పయింది, కాసేపట్లో మళ్లీ వస్తుందనుకున్నాడు. కదపకుంటే లోపలి లోహం గడ్డకడుతుంది. గడ్డకడితే భట్టీ పోయినట్టే, తన వీసా కూడా. గరిటెతో కదపసాగాడు. జూన్ ఎండ, రేకుల షెడ్డు, చల్లారుతున్న భట్టీ. కదిపేకొద్దీ లోపల చిక్కబడింది. రొమ్ములో నొప్పి భుజానికి పాకింది. అయినా కదుపుతూనే ఉన్నాడు, పిచ్చి మనిషి.

ఆరింటికి షెడ్డుకు తాళం వేయడానికి సూపర్‌వైజర్ అమీర్ జాన్ వచ్చాడు.

"ఇంకా ఈడ్నే ఉండావా అన్నా? భట్టీ ఖలాస్ అని పదకొండింటికే గ్రూపులో పెట్టినా గదా! ఆర్డర్లన్నీ పోయినాయి. గ్యాస్ ఆఫీసోళ్లే కట్ చేసినారు. భూమేశ్ కూడా మెసేజ్ చూసి రూములోనే ఉండాడు."

"నాకెవ్వలు చెప్పిన్రు? చేతుల వెట్టకుంట ఎట్ల పోత?"

"వదిలెయ్ అన్నా. ఇంక ఇది ఎవురిదీ కాదు."

పర్శరాములు చేతులు విడిచాడు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "జర నీళ్లియ్యి" అన్నాడు. అమీర్ జాన్ కూలర్ దగ్గర గ్లాసు నింపుకుని వచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉంది.

మూడో రోజు మనుషులొచ్చి భట్టీని తుక్కు కింద తూకానికి తీసుకెళ్లబోయారు. గడ్డకట్టిన లోహంలో నిలువుగా ఇరుక్కుపోయిన పొడవాటి ఇనుప గరిటె, పిడికి చుట్టిన గుడ్డపీలికతో సహా, ముగ్గురు లాగినా రాలేదు.