కానిషాయ్ ఒంట్లో నీరు

పొద్దున్నే నీరుగంటి తాష్మత్ గుర్రం దిగకుండానే కానిషాయ్ గుమ్మం ముందు ఆగి, "ఇవాళ ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు. ఆ అడగడం ఆమె కోసం కాదు, నీళ్ల కోసం. ఇరవయ్యారేళ్ల కానిషాయ్ తొడల మధ్య వాపు ఎంత పెరిగితే ఊరి కాలువలో నీరు అంత పెరిగేది. దాన్నిబట్టే ఖుబానీ తోటలకు వంతులు చెప్పేవాడు. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. కాలువ కొసనున్న ఆమె తల్లి మడికి మాత్రం బురదే మిగిలేది.

పుట్టుకతోనే కానిషాయ్ ఒళ్లు ఎడమపక్క అదుపు లేకుండా పెరిగింది. అరుదైన జబ్బు. ఒంట్లో ఊరే నీరు పోయే దారిలేక మర్మాంగంలో చేరి, చర్మం మందమెక్కి, పుండ్లు పడేది. కూర్చుని అన్నం తిని ఏళ్లయింది.

ఓష్‌లో పెద్దాసుపత్రి సర్జన్ గుల్దానా పరీక్షించి చెప్పింది: "పెరిగిన కండ తీసేస్తాను. మంచి చర్మంతో మళ్లీ రూపం కడతాను. నీటికి కొత్త దారి కుడతాను. మళ్లీ రాదని మాత్రం మాటివ్వను."

"రానీండి, అప్పుడు చూసుకుంటా. మీరు కత్తి పట్టండి."

కబురు తెలిసి పెద్దలు ఇంటిమీదికొచ్చారు.

"అక్కడ ఎవరు చూడొచ్చారే? దాచుకుంటే పోయేదానికి కోతలెందుకు? కాలువ ఎండితే ఊరేం కావాలి?" అన్నాడు తాష్మత్.

"మీ తోటలు తడవడానికి నేను బతుకంతా నిలబడాలా మామా? ఈ బరువు ఒక్కపూట మీరు మొయ్యండి. సాయంత్రం మాట్లాడుకుందాం."

ప్రయాణమయ్యేవాళ్లు కొరికి వెళ్లే రొట్టె తల్లి అందించింది. కానిషాయ్ ఒక ముక్క కొరికి బండెక్కేసింది.

ఆపరేషన్ రోజు, ఉన్న నీరైనా దక్కించుకుందామని తాష్మత్ తూము పలక దించేశాడు. అక్కడ గుల్దానా ఆఖరి కుట్టు వేసే వేళకి ఇక్కడ కాలువ గట్టు తెంచుకుంది. తోటల వెనకనుంచి చుట్టుతిరిగి, ముందుగా కొసమడి తడిపింది. ఎవరూ నోరెళ్లబెట్టలేదు. పారలు తెచ్చి, నీరు ఎటు పోతే అటు కొత్త కాలువ తవ్వుకున్నారు.

వసంతంలో నీరుగంటిని ఎన్నుకునే సభ జరిగింది. కొసమడులవాళ్లంతా కానిషాయ్ పేరే చెప్పారు.

తాష్మత్ ఊరుకోలేదు. "నీరుగంటంటే పొద్దస్తమానం జీను మీదుండాలి. ఈ పిల్ల కూర్చోగలదా?"

కానిషాయ్ మళ్లీ వాపు రాకుండా కట్టుకునే బిగుతు పట్టీ సర్దుకుని, అతని గుర్రమే ఎక్కి కూర్చుంది. సభ ముగిసేదాకా దిగలేదు. తాష్మత్ నడిచే ఇంటికెళ్లాడు.